ప్రాసెస్ మానిటర్: అడ్మిన్ హక్కులు పంచిపెట్టకముందు వాడి చూడవలసిన పనిముట్టు

ఆఫీసు నెట్‌వర్క్‌లోని ఏదో ఒక పాత అకౌంట్స్ ప్రోగ్రామ్ మామూలు యూజర్ ఖాతాలో తెరుచుకోవడానికి మొరాయించినప్పుడు, చాలా చోట్ల ఆ ఉద్యోగి ఖాతాను అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో చేర్చి చేతులు దులుపుకుంటారు. ఫిర్యాదు ఆగిపోతుంది గానీ, ఆ ప్రోగ్రామ్‌కు నిజంగా ఏ ఫోల్డర్‌లో ఏ అనుమతి కొరవడిందో ఎవరికీ తెలియకుండానే ఉండిపోతుంది. ఆ సంగతిని ఫైలు పేరుతో సహా చూపించే ఉచిత పనిముట్టు విండోస్ కోసం 2006 నుంచీ ఉంది.

మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ నడిపిన, విండోస్ పనిముట్లు అందించే సిస్‌ఇంటర్నల్స్‌ను మైక్రోసాఫ్ట్ 2006లో కొనుగోలు చేసింది. అంతకుముందు ఫైళ్లపై నిఘాకు ఫైల్‌మాన్, రిజిస్ట్రీపై (విండోస్ తన సెట్టింగులను దాచుకునే చోటుపై) నిఘాకు రెగ్‌మాన్ అని విడివిడిగా ఉన్న రెండింటినీ కలిపి అదే ఏడాది ప్రాసెస్ మానిటర్‌గా తెచ్చారు. దీనికి ఇన్‌స్టలేషన్ అక్కరలేదు. ఫైలును పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి నడిపించవచ్చు.

వాడే పద్ధతిలో ఒక మెలిక ఉంది. ప్రాసెస్ మానిటర్‌ను అడ్మిన్ హక్కులతోనే నడపాలి, పరీక్షిస్తున్న ప్రోగ్రామ్‌ను మాత్రం ఉద్యోగి మామూలు ఖాతాలోనే తెరవాలి; రెండింటినీ అడ్మిన్‌గా తెరిస్తే లోపం కనిపించదు, ఎందుకంటే అప్పుడు లోపమే ఉండదు. ప్రోగ్రాములు ఏ ఫైలునో, రిజిస్ట్రీనో తాకిన ప్రతిసారీ ఇది ఒక వరుస నమోదు చేస్తుంది. క్షణాల్లో లక్షల వరుసలు పోగుపడతాయి కాబట్టి, ప్రోగ్రామ్ పేరుతో ఒక ఫిల్టర్, ఫలితం ‘యాక్సెస్ డినైడ్’ (అనుమతి లేదు) అయినవే కనబడాలని మరో ఫిల్టర్ పెడితే, చివరకు చదవగలిగినన్ని వరుసలే మిగులుతాయి. వాటిలో తరచుగా తేలేది, ప్రోగ్రామ్ తన సెట్టింగుల ఫైలును ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే రాసుకోవాలని చూడడం. అలాంటప్పుడు ఆ ఒక్క ఫైలుకో, డేటా ఉన్న ఉప ఫోల్డర్‌కో యూజర్లకు ‘మాడిఫై’ (మార్చే) అనుమతి ఇస్తే సరిపోతుంది. ఫోల్డర్ మొత్తానికి ఇవ్వకూడదు. ఇస్తే ప్రోగ్రామ్ ఫైలునే ఎవరైనా మార్చి పెట్టగలరు.

‘యాక్సెస్ డినైడ్’ అని ఉన్న ప్రతి వరుసా దోషం కాదన్నది కొత్తవారికి ఈ పనిముట్టు ఎక్కడా చెప్పదు. కొన్ని ప్రోగ్రాములు అవసరం లేకపోయినా ముందు పూర్తి అనుమతి అడిగి, కాదనిపించుకుని, ఆ వెంటనే చదివే అనుమతితో అదే ఫైలును తెరుచుకుంటాయి. కింది వరుసల్లో అదే ఫైలు ‘సక్సెస్’తో కనిపిస్తే దాన్ని వదిలేయవచ్చు.

నెట్‌వర్క్ విషయంలో దీని పరిమితులు మరింత స్పష్టంగా బయటపడతాయి. సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో రాయలేకపోయిన సంగతిని ఇది నమోదు చేస్తుంది, అయితే అడ్డుపడింది నెట్‌వర్క్ ద్వారా వచ్చేవారికి పెట్టిన షేర్ అనుమతా, డిస్కులో ఆ ఫోల్డర్‌కే ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ అనుమతా అన్నది చెప్పలేదు. ఆ రెండింటిలో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది కాబట్టి సర్వర్ దగ్గరకు వెళ్లి రెండూ చూసుకోవలసిందే. మ్యాప్ చేసిన డ్రైవ్‌ల (సర్వర్ ఫోల్డర్‌కు ఒక డ్రైవ్ అక్షరం తగిలించిన వాటి) సంగతి ఇంకా ఇబ్బందికరం. ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరిచిన ప్రోగ్రామ్‌కు, మామూలుగా మ్యాప్ చేసుకున్న జెడ్ డ్రైవ్ కనిపించకపోవచ్చు, ఎందుకంటే అడ్మిన్ పనులకు ముందు అనుమతి అడిగే యూఏసీ వచ్చాక విండోస్ అడ్మిన్, మామూలు స్థాయుల డ్రైవ్ అక్షరాలను వేర్వేరుగా ఉంచుతుంది. లేని డ్రైవ్‌ను అడిగిన అభ్యర్థన ఫైల్ సిస్టమ్ వరకూ చేరదు గనుక, అక్కడ కాపు కాసే ప్రాసెస్ మానిటర్‌లో దానికి సంబంధించిన ఫైలు వరుసే ఉండదు. తెరపై దోషం కనిపిస్తూ, జాబితా ఖాళీగా ఉంటే ముందుగా అనుమానించవలసింది దీన్నే. రిజిస్ట్రీలో ఎనేబుల్‌లింక్డ్‌కనెక్షన్స్ విలువను 1 చేసి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయడం ఒక దారి. డ్రైవ్ అక్షరం బదులు సర్వర్ పేరుతో మొదలయ్యే పూర్తి చిరునామా ఇవ్వడం నా దృష్టిలో మెరుగైన దారి.

మిగతా లోపాలు చిన్నవే. గంటల తరబడి నడిపిస్తే మెమరీ నిండిపోతుంది. ఫిల్టర్‌లో పడని వాటిని పారేయమనే ఎంపికను ముందే పెట్టుకుంటే ఆ బెడద తగ్గుతుంది. లాగ్ ఫైలులో యూజర్ పేర్లు, ఫోల్డర్ల పేర్లు ఉంటాయి కాబట్టి దాన్ని సాఫ్ట్‌వేర్ అమ్మినవారికి యథాతథంగా పంపకూడదు. ఇంటి కంప్యూటర్‌కు దీని అవసరం దాదాపు లేదు. పదిమంది వాడే నెట్‌వర్క్‌ను చూసుకునేవారు మాత్రం, తదుపరి అడ్మిన్ ఖాతా ఇచ్చేముందు దీన్ని ఒకసారి నడిపి చూడడం మంచిది.