విశాఖలో ఒక ప్రారంభ యోగా తరగతి: నెల రోజుల తరువాత

2025 జూన్ 21న యోగా దినోత్సవానికి విశాఖపట్నంలో ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా జనం బారులు తీరి ఆసనాలు వేయడం చూసి వచ్చిన ఉత్సాహంలో, ఆ వారమే ఇంట్లో ఫోనులో వీడియో పెట్టుకుని మోకాళ్లపై నిలబడి వెనక్కి వంగి మడమలు అందుకునే ఉష్ట్రాసనం వేయబోయి నడుము పట్టేయించుకున్నాను. యాభై దాటిన వయసు, రోజంతా కుర్చీలో ఉద్యోగం, మెట్లు దిగేటప్పుడు పలికే కుడి మోకాలు. వీటిలో దేన్నీ ఆ వీడియో అడగలేదు. నడుము సర్దుకున్నాక ఊళ్లోనే ఒక కేంద్రంలో కొత్తవారి తరగతిలో చేరాను. నెలకు 1,500 రూపాయలు, వారానికి ఐదు రోజులు, ఉదయం ఆరు నుంచి ఏడు వరకు.

మొదటి రోజు ఆసనమే లేదు. రక్తపోటు, హెర్నియా, వెన్నుపూసల సమస్య, గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు), ఇటీవలి శస్త్రచికిత్సలు, గర్భం వంటి వివరాలన్నీ శిక్షకురాలు ఒక్కొక్కరినీ విడిగా అడిగి రాసుకున్నారు. రక్తపోటు మాత్రలు వాడేవారు ఊపిరి బిగబట్టకూడదని, తల కిందికి వాల్చే భంగిమల జోలికి వెళ్లకూడదని, వైద్యుణ్ణి అడిగిన తరువాతే తరగతికి రావాలని అప్పుడే చెప్పేశారు. రాత్రి భోజనం తేలికగా ముగించి ఉదయం ఖాళీ కడుపుతో రమ్మన్నారు. కాఫీ మానలేని నాకు ఇదే అన్నిటికంటే కష్టమైన ఆసనం.

ఈ తరగతిలో నాకు బాగా నచ్చినది, ఎక్కడ ఆగాలో ముందుగా నేర్పడం. ఒంటికాలిపై నిలబడే వృక్షాసనంలో రెండో పాదాన్ని తొడకైనా, మోకాలి కింద పిక్కకైనా ఆనించాలి గానీ మోకాలికే ఆనించి నొక్కకూడదు. ఆ కీలు ముందుకూ వెనక్కూ మడవడానికే గానీ పక్క నుంచి వచ్చే ఒత్తిడిని భరించడానికి కాదు. ఇంట్లో ఇన్నాళ్లూ నేను చేసింది సరిగ్గా ఆ తప్పే. నిలబడి ముందుకు వంగే పాదహస్తాసనంలో వేళ్లు నేలకు తగలాలన్న పట్టుదలతో వీపు గుండ్రంగా వంచేవాళ్లందరినీ ఆమె ఆపి, మోకాళ్లు కాస్త సడలించి తుంటి దగ్గర నుంచి వంగమన్నారు. బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తే భుజంగాసనంలో అరచేతులతో నేలను నెట్టి పైకి లేవడం సులువు, కానీ అప్పుడు భారమంతా నడుము కింది భాగంలో పడుతుంది. మోచేతులు మడిచి పక్కలకు దగ్గరగా ఉంచి, నాభి నేలకు ఆనే ఉండగా వీపు కండరాల బలంతో ఎంత లేవగలిగితే అంతే లేవాలని ఆమె చేయించినప్పుడు నా ఛాతీ నాలుగు వేళ్ల ఎత్తు కూడా లేవలేదు. కాళ్లు మడిచి మడమలపై కూర్చునే వజ్రాసనానికి నా మోకాలు ఒప్పుకోకపోతే, పిక్కలకూ తొడలకూ మధ్య మడత పెట్టిన దుప్పటి ఉంచారు. అప్పటికీ నొప్పి అనిపిస్తే కాళ్లు చాపుకుని కూర్చోమన్నారు.

అయితే లోపాలు చిన్నవి కావు. ఒక్క శిక్షకురాలికి ఇరవై ఆరు మంది ఉండటంతో వెనుక వరుసల్లోని వారి తప్పులు ఆమె కంట పడటం లేదు. వెల్లకిలా పడుకుని చేసే సేతుబంధాసనంలో నడుము పైకెత్తి ఉండగానే మెడ తిప్పి గడియారం చూస్తున్నవారిని నేనే చూశాను. మెడకు అది చాలా ప్రమాదం. మూడో వారంలో పన్నెండు భంగిమల సూర్య నమస్కారాలను అంకెలు లెక్కపెడుతూ పరుగులా చేయించడం వల్ల, అంతవరకు నేర్పిన శ్వాస క్రమం కాస్తా గాలికి పోయింది. తరువాతి తరగతివారు గుమ్మం దగ్గర నిలబడుతున్నారని చివర్లో వెల్లకిలా పడుకుని సేదతీరే శవాసనాన్ని రెండు నిమిషాలకు కుదించడమూ బాగాలేదు. వారిచ్చే చాపలు పలచన, పైగా టైల్స్ మీద జారుతాయి. ఇంట్లోని జంపఖానా కూడా జారేదే కాబట్టి, పట్టు ఉండే ఆరు మిల్లీమీటర్ల మ్యాట్ కొనుక్కుని వెళ్లడం మేలు.

ఆరోగ్యంగా ఉండి, బొత్తిగా కొత్తగా మొదలుపెట్టేవారికి ఈ రుసుము దండగ కాదు. వెన్ను సమస్య ఉన్నవారు మాత్రం ఇంతమంది మధ్య కాకుండా, విడిగా నేర్పేవారిని చూసుకోవాలి. నేను రెండో నెలకు కూడా డబ్బు కట్టి, ముందు వరుసలో చోటు కోసం పావుగంట ముందే వెళుతున్నాను. ఉష్ట్రాసనంలో మడమలు అందుకునే ప్రయత్నం ఇంకా మొదలుపెట్టలేదు. చేతులు నడుముకు ఆనించి, అర్ధ ఉష్ట్రాసనం దగ్గరే ఆగాను.