గ్యాస్ తగ్గిస్తుందని కొన్న పొడిలోనే గ్యాస్ పుట్టించే పీచు: కొనబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక

కడుపుబ్బరం, గ్యాస్ ట్రబుల్ తగ్గుతాయని చెప్పి ‘పేగుశుద్ధి’ పొడి పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న మూడు నెలల కోర్సు కొనాలనుకుంటున్నవారు, డబ్బు కట్టకముందే డబ్బా వెనకవైపు ఫొటో తెప్పించుకొని అందులోని పదార్థాల జాబితాను అక్షరం వదలకుండా చదవవలసిందిగా కోరుతున్నాను. నేను ఆ పని చేయకుండా 5,400 రూపాయలు కట్టి, ఐదు వారాల పాటు అంతకుముందున్న బాధకు రెట్టింపు బాధ పడ్డాను. ఇటువంటి మిశ్రమాలు రకరకాల పేర్లతో దొరుకుతున్నందున సంస్థ పేరు చెప్పడం కంటే డబ్బాలో ఏముందో చెప్పడమే మేలనిపించింది.

మధ్యాహ్నం భోజనం చేసిన రెండు మూడు గంటలకు పొట్ట బిగుసుకుపోయి, బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకుంటే తప్ప ఆఫీసు కుర్చీలో కూర్చోలేని పరిస్థితి నాకు ఏడాదిగా ఉంది. చెడు బ్యాక్టీరియాను తరిమి మంచి బ్యాక్టీరియాను నింపుతామన్న ప్రకటన చూసి, దాని కింద వందల కొద్దీ ఉన్న మెచ్చుకోళ్లు చదివి నమ్మాను. నిజానికి మొదటి వారం నాకూ బ్రహ్మాండంగా ఉంది. తెల్లవారేసరికి విరేచనం సాఫీగా అయ్యేది, కడుపు తేలికపడేది. ఆ వారంలోనే వాళ్లు ఫోన్ చేసి రేటింగ్ ఇవ్వమని అడిగారు, నేను ఐదు నక్షత్రాలూ ఇచ్చాను. నా మాట చదివి ఎవరైనా కొని ఉంటే వారికి క్షమాపణ చెప్పుకోవలసిన వాణ్ణి.

రెండో వారం నుంచి బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి, పక్క గదిలోకి వినిపించే గుడగుడలు, నలుగురిలో కూర్చోలేనంత అపానవాయువు మొదలయ్యాయి. ఫోన్ చేస్తే, పోషకాహార సలహాదారునని చెప్పుకున్న అమ్మాయి, “అది మంచి లక్షణం సార్, చెడు బ్యాక్టీరియా చచ్చిపోయేటప్పుడు గ్యాస్ వదులుతుంది, ఒక చెంచా బదులు రెండు చెంచాలు వేసుకోండి” అన్నది. బాధ ఎంత పెరిగితే మందు అంత బాగా పనిచేస్తున్నట్టని చెప్పే ఇటువంటి సమాధానం వినగానే ఎవరైనా అనుమానించాలి. నేను మాత్రం రెండు చెంచాలు వేసుకున్నాను.

చివరకు జీర్ణకోశ వ్యాధుల వైద్యుని దగ్గరకు డబ్బా పట్టుకొని వెళ్లాను. ఆయన ఆ చీమతలకాయల అక్షరాలను ఫోన్ కెమెరాతో పెద్దవి చేసి నాకే చూపించారు. మన దేశపు లేబుల్ నిబంధనల ప్రకారం ఎక్కువ బరువున్న పదార్థం ముందు, తక్కువది తరువాత రాయాలి. ఆ వరుసలో రెండోది ఇన్యులిన్, నాలుగోది సునాముఖి ఆకు, తీపి కోసం కలిపింది సార్బిటాల్.

సునాముఖి అంటే మన నేలతంగేడు, పేరున్న విరేచనకారి. మొదటి వారపు సుఖమంతా దానిదే తప్ప ఏ బ్యాక్టీరియాదీ కాదు. దాన్ని వైద్యుని సలహా లేకుండా వారాల తరబడి వాడకూడదు, ఎక్కువైతే నీళ్ల విరేచనాలై ఒంట్లోని పొటాషియం తగ్గిపోయే ప్రమాదం ఉంది. ఇన్యులిన్ విషమేమీ కాదు. కాఫీపొడిలో కలిపే చికోరీ వేరు నుంచి తీసే పీచు అది, దాన్ని అరిగించే ఎంజైము మనిషి చిన్నపేగులో లేనందువల్ల నేరుగా పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ తయారుచేస్తాయి. ఇబ్బంది లేనివారికి అది బ్యాక్టీరియాకు మంచి మేతే కావచ్చు గాని, ఇప్పటికే ఉబ్బరంతో బాధపడేవాడికి రోజుకు రెండు చెంచాలు పోయడమంటే ఎసరు పొంగుతున్న పొయ్యిలో ఇంకో కట్టె తోయడమే. సార్బిటాల్ కూడా సరిగా ఇంకక గ్యాస్‌కు, విరేచనాలకు దారితీసే పదార్థమే.

పొడితోపాటు పంపిన ఆహార పట్టిక ఇంకా విడ్డూరం. అన్నం పూర్తిగా మానాలట, రెండు పూటలా గోధుమ పుల్కాలు, ఉదయం శనగల మొలకలు, భోజనంలో పచ్చి ఉల్లిపాయ ముక్కలు, సాయంత్రం యాపిల్, రాత్రి పాలల్లో ఈ పొడి. గోధుమలోనూ ఉల్లిపాయలోనూ ఉండేది ఇన్యులిన్ జాతి ఫ్రక్టాన్లే, శనగల్లో గెలాక్టాన్లు, యాపిల్‌లో ఫ్రక్టోజు, సార్బిటాల్, పాలల్లో లాక్టోజు. ఇవన్నీ కలిపి ఫాడ్‌మ్యాప్ అనే పేరుతో పిలిచే, పేగులో పులిసే పిండిపదార్థాల కుటుంబం. వాటిని తగ్గించే పద్ధతిని రూపుదిద్దింది ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు. గ్యాస్ ఉన్నవాడు ముందుగా తగ్గించి చూడవలసిన వాటినే ఏరి ఒక పట్టికగా కూర్చినట్టుంది. అందులో మానమన్న ఒకే ఒక్క పదార్థమైన వరి అన్నమే, వాటన్నిటిలోకీ తక్కువ గ్యాస్ పుట్టించేది.

డాక్టరు ఇచ్చిన సలహాకు విడిగా ఖర్చేమీ కాలేదు. ఆ పదార్థాలను రెండు నుంచి ఆరు వారాలు మాత్రమే తగ్గించి, తరువాత ఒక్కొక్కటే తిరిగి తింటూ ఏది పడుతున్నదో ఏది పడడం లేదో నోటు పుస్తకంలో రాసుకోమన్నారు. శాశ్వతంగా మానేస్తే మేలు చేసే బ్యాక్టీరియా కూడా తగ్గిపోతాయని గట్టిగా హెచ్చరించారు. మా ఇంట్లో ఇప్పుడు కందిపప్పును నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండుతున్నారు, ఎందుకంటే గెలాక్టాన్లు కొంతవరకు నీటిలోకి దిగిపోతాయి. వెల్లుల్లిలోనూ ఉండే ఫ్రక్టాన్లు నూనెలో కరగవు కాబట్టి పోపులో వెల్లుల్లి రెబ్బలు వేయించి తీసేస్తే వాసన మిగులుతుంది, ఇబ్బంది మిగలదు. ఈ ఒక్క ఉపాయం వల్ల మా ఆవిడకు వంట మీద విసుగు తగ్గింది.

వాళ్లు మలపరీక్షతో ‘మీ పేగు బ్యాక్టీరియా స్కోరు’ చెబుతామని మరో 7,500 రూపాయలు అడిగారు, అది మాత్రం కట్టలేదు. ఆరోగ్యవంతుని పేగులో ఏ బ్యాక్టీరియా ఎంత ఉండాలో అందరూ అంగీకరించిన కొలమానమే లేనప్పుడు స్కోరుకు అర్థమేముంటుంది? పాలు పడుతున్నాయో లేదో తేల్చడానికి ఊపిరిలోని హైడ్రోజన్‌ను కొలిచే పరీక్ష ఉంది, దాన్ని డాక్టరు అవసరమనుకుంటేనే చేయించుకోవచ్చు. డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబరు కనిపించిందని కూడా భరోసా పడవద్దు. అది ఆహారం తయారుచేసి అమ్ముకోవడానికి ఇచ్చిన లైసెన్సే తప్ప జబ్బు తగ్గుతుందన్న ధ్రువీకరణ కాదు.

డబ్బు విషయంలో, మూత తీసిన డబ్బా వెనక్కి తీసుకోబోమంటూ మొదట అన్నిటికీ అడ్డం తిరిగారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు బిల్లు, లేబుల్ ఫొటో, వాళ్ల వాట్సాప్ సందేశాలు జతచేసి ఫిర్యాదు చేశాక, తెరవని రెండు డబ్బాల సొమ్ము 3,600 రూపాయలు తిరిగి వచ్చింది. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసి ఉంటే ఇంకా తేలికయ్యేదని అక్కడివారే అన్నారు.

ఇప్పటికే ఈ రకం పొడి వాడుతున్నవారు ఆపాక కొన్నాళ్లు మలబద్ధకం రావచ్చు, నాకు పది రోజులు పట్టింది. దానికి భయపడి మళ్లీ డబ్బా తెరవకండి, వైద్యునికి లేబుల్ చూపించండి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలేపేంత కడుపునొప్పి ఉన్నవారూ, యాభై ఏళ్లు దాటాక కొత్తగా ఈ బాధ మొదలైనవారూ ఆహార ప్రయోగాలతో కాలం గడపకుండా ముందు పరీక్షలు చేయించుకోవాలి. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వేసుకునేవారికి ఆ మాత్ర వల్ల కూడా గ్యాస్, విరేచనాలు రావచ్చు కాబట్టి ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.