నాలుగు పలకల చాటు: ఆరేళ్లు వాడిన గేమ్ మాస్టర్ స్క్రీన్

ఆట నడిపే గేమ్ మాస్టర్ తన ముందు నిలబెట్టుకునే మడత పలకల తెరే స్క్రీన్. డైస్ దాచుకోవడానికే అది కొంటున్నట్టయితే ఆ డబ్బు దండగ. బరంపురంలో ఆరేళ్లుగా వారం వారం సాగే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఆటగాళ్లు తలో పాత్ర వేసే, మాస్టర్ నడిపే కథల ఆట) బల్ల దగ్గర మూడు రకాలు వాడాక తేలిన మాట ఇది. మొదటిది కంపెనీ అచ్చువేసిన నాలుగు పలకల అట్ట. రెండోది పాకెట్లున్న వినైల్ స్క్రీన్. మూడోది బైండింగ్ షాపులో చేయించింది. ఇప్పుడు నడుస్తున్నది ఆ మూడోదే.

మన దగ్గర డైస్ దాపరికం ఎందుకు చెల్లదంటే, అష్టాచెమ్మా ఆడి పెరిగినవాళ్లకి గవ్వలు అందరి నడుమా పడాలి. చాటున పడ్డ పందేన్ని ఎవరూ నమ్మరు. "ఏటి పడ్డాది మాస్టారూ, ఓపాలి సూపించండి" అని రెండో వారానికే మొదలెడతారు. ఇరవై ముఖాల డైస్ మీద 20 పడే అవకాశం ఇరవైలో ఒకటి, వరసగా రెండుసార్లు పడటం 400లో ఒకటి. రాక్షసుడి తరఫున అది తెర వెనక పడి ఒకరి పాత్ర చచ్చిపోతే మాస్టారే చంపాడంటారు. బయట పడితే డైస్‌ని తిట్టుకుని ఊరుకుంటారు. అందుకని యుద్ధంలో రాక్షసుల దెబ్బలన్నీ బయటే, అడుగున గుడ్డ పరిచిన స్టీలు పళ్లెంలో వేయడం మేలు. గుడ్డ లేకపోతే ఆ చప్పుడుకి పక్కింటివాళ్లు లేస్తారు.

చాటున వేయాల్సినవి కొన్ని మాత్రం ఉన్నాయి. గదిలో ఉచ్చు ఉందేమోనని వెతికే ఆటగాడికి తన డైస్ మీద 3 కనిపిస్తే, "ఏమీ దొరకలేదు" అన్న మాటకి అర్థం (ఉచ్చు లేక కాదు, అంకె చాలక అని) తెలిసిపోతుంది. ఇక ఆ తలుపు ముట్టుకోడు. ఇలాంటివాటికి ఆట మొదలయ్యే ముందే ఇరవై ముఖాల డైస్ ఇరవైసార్లు వేసి, అంకెలు చీటీ మీద రాసి, లోపలి పలకకి క్లిప్పు పెట్టాలి. అవసరమైనప్పుడల్లా పైనుంచి ఒక్కోటి కొట్టేస్తూ పోవడమే. డైస్ చప్పుడే ఉండదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అడగకుండానే గమనించే విషయాలకి పాసివ్ పర్సెప్షన్ ఎలాగూ ఉంది: 10కి ఆ పాత్ర పర్సెప్షన్ మాడిఫయర్ (గమనించే నేర్పుని బట్టి కలిపే అంకె) కలిపితే సరి.

స్క్రీన్ అసలు విలువ మాస్టారి వైపున్న ముఖంలో ఉంది. ఇది కొత్త సంగతేమీ కాదు. ఆట వచ్చింది 1974లో. 1977లో జడ్జెస్ గిల్డ్ అనే కంపెనీ తెచ్చిన జడ్జెస్ షీల్డ్ మీద, 1979లో ఆట అచ్చువేసిన టీఎస్సార్ కంపెనీయే తెచ్చిన స్క్రీన్ మీద కూడా లోపలివైపు పట్టికలే. అయితే ఏ పట్టికలన్నది ముఖ్యం. అచ్చు స్క్రీన్‌లో ఒక పలకలో పెద్ద భాగం తినేసేవి కండిషన్లు (పాత్రకి పట్టే స్థితులు), మొత్తం 15. గుడ్డితనం, చెవుడు వంటివి నెల తిరక్కుండా నోటికొస్తాయి. పదేపదే కన్ను వెతికేది గ్రాపుల్డ్‌కీ (ఒకరి పట్టులో ఉండటం) రెస్ట్రెయిన్డ్‌కీ (వలలోనో తాళ్లలోనో చిక్కడం) తేడా కోసం. 2014 రూల్స్‌లో గ్రాపుల్డ్ అంటే కదలలేకపోవడం, అంతే. రెస్ట్రెయిన్డ్ అయితే కదలలేడు, తన దెబ్బలకి డిసడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి చిన్న అంకె తీసుకోవడం), తన మీద పడే దెబ్బలకి అడ్వాంటేజ్ (రెంటిలో పెద్ద అంకె), డెక్స్‌టెరిటీ సేవింగ్ త్రోలకీ (చురుగ్గా తప్పించుకోవడానికి వేసే డైస్) డిసడ్వాంటేజే. నేల మీద పడినవాడి విషయం కూడా తరచు తడబెడుతుంది: 5 అడుగుల లోపలి నుంచి కొడితే అడ్వాంటేజ్, దూరం నుంచి బాణం వేస్తే డిసడ్వాంటేజ్.

మధ్య పలకలో, కంటికి నేరుగా ఉండాల్సినవి నాలుగే: కష్టం అంకెలు (పని నెగ్గడానికి అందుకోవాల్సినవి; 5 నుంచి 30 దాకా ఐదేసి చొప్పున, ఓ మోస్తరు కష్టానికి 15), చాటు లెక్క (దెబ్బ తప్పించుకునే అంకెకి సగం మరుగైతే 2, ముప్పాతికైతే 5 కలుపు), మంత్రం మీద ఏకాగ్రత నిలవడానికి అందుకోవాల్సిన అంకె (10 లేదా తగిలిన దెబ్బలో సగం, ఏది ఎక్కువైతే అది), పడిపోయినప్పటి దెబ్బ (ప్రతి 10 అడుగులకీ ఒక ఆరు ముఖాల డైస్, ఎక్కువలో ఎక్కువ 20 డైస్). ప్రయాణ వేగాల పట్టిక ఆరేళ్లలో ఎన్నిసార్లు అక్కరకొచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దాన్ని తీసేసి ఆ చోట పేర్లు రాసుకోవడం నయం.

పేర్ల జాబితాని తేలిగ్గా తీసుకోవద్దు. అది లేకపోతే సత్రం నడిపేవాడి దగ్గర్నుంచి దొంగ దాకా అందరూ రాము, సోములే అవుతారు. ఇరవై పేర్లు చాలు. బల్ల దగ్గర సగంమంది ఒడియావాళ్లు గనక సింహాచలం, నీలమ్మ పక్కనే ఖగేశ్వర్, కుంతల కూడా ఉంటే ఊరికి ఊరి రూపు వస్తుంది. వాడిన పేరు పక్కన పెన్సిల్‌తో "రేవు సత్రం" అనో "చెయ్యి విరిగింది" అనో రాసుకోవాలి. మూడు వారాల తర్వాత ఆటగాళ్లు నీలమ్మ గురించి అడుగుతారు, మాస్టారే మరిచిపోయి ఉంటాడు.

అచ్చు స్క్రీన్‌తో పెద్ద చిక్కు ఎడిషన్ మారడం. 2024 పుస్తకాలతో పాత స్క్రీన్ పెట్టుకుంటే కనీసం మూడుచోట్ల దెబ్బతింటారు. అలసట పాతదాంట్లో ఆరు మెట్ల పట్టిక. కొత్తదాంట్లో మెట్టుకి 2 చొప్పున ఇరవై ముఖాల డైస్ మీద కోత, 5 అడుగుల చొప్పున వేగంలో కోత; ఆరో మెట్టులో చావు మాత్రం మారలేదు. ఆదమరిచినప్పుడు పాత లెక్కలో మొదటి వంతు పోయేది, ఇప్పుడు ఇనిషియేటివ్‌కి (వంతుల వరస తేల్చే డైస్) డిసడ్వాంటేజ్ మాత్రమే. గ్రాపుల్డ్ అయినవాడు పట్టుకున్నవాణ్ణి కాక ఇంకొకర్ని కొడితే కొత్తగా డిసడ్వాంటేజ్ వచ్చింది. వాటి మీద కాగితం ముక్కలు అతికించుకోవచ్చు, కానీ ఆ నిగనిగలాడే పూత మీద మామూలు గమ్ నిలవదు.

ఆ బాధ లేకుండా పాకెట్ల స్క్రీన్ ఉందిగా అంటే, అది అమెరికా కాగితం కొలతకి కుట్టింది: 279 బై 216 మిల్లీమీటర్లు. మనకి దొరికేది ఏ4, 297 బై 210. పొడవు 18 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది. ప్రింట్ 93 శాతానికి తగ్గించి, మిగిలిన అంచు కత్తిరించాలి. తెలుగు లిపిలో పట్టికలైతే 14 పాయింట్లకి తగ్గనివ్వకూడదు, చేతి దూరంలో ఒత్తులు కలిసిపోతాయి. ఎండాకాలంలో ఇంకో గొడవ: లేజర్ ప్రింట్ సిరా వినైల్‌కి అంటుకుంటుంది, కాగితం లాగితే అక్షరాలు పాకెట్‌లోనే ఉండిపోతాయి. ఇంక్‌జెట్ ప్రింటో జెరాక్స్ మీద పల్చటి ట్రేసింగ్ కాగితమో పెడితే తప్పుతుంది.

ఇక ఎత్తు. బల్ల మీద ఆడితే 21 సెంటీమీటర్ల అడ్డం స్క్రీన్ బాగా సరిపోతుంది. ఎదుటివాడి కన్ను బల్లకి 45 సెంటీమీటర్ల పైన, స్క్రీన్‌కి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, వెనక అర మీటరు చోటు మరుగవుతుంది. చాప మీద ఆడితే అదే స్క్రీన్ చాలదు. బాసింపట్టు వేసుకున్నవాడి కన్ను నేలకి సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. 90 సెంటీమీటర్ల దూరంలో కూర్చున్నా 35 సెంటీమీటర్ల ఆవల పరిచిన మ్యాపు కనిపించేస్తుంది. నేల మీదకి 30 సెంటీమీటర్ల నిలువు పలకలే కావాలి. చాప మీద నేరుగా నిలబెడితే ఒరుగుతుంది, కింద పీటో చెక్కో వేయాలి.

చేయించుకునేవాళ్లకి కొలతలు: 2 మిల్లీమీటర్ల గ్రే బోర్డు, 30 బై 21.5 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు. ముక్కకీ ముక్కకీ నడుమ 5 నుంచి 6 మిల్లీమీటర్ల సందు తప్పనిసరి. 2 మిల్లీమీటర్ల సందు వదిలి చేసినది మడతలు రెండువైపులా తిరగక నెలకే గుడ్డ చిరిగింది. మడతకి 4 సెంటీమీటర్ల వెడల్పు బైండింగ్ గుడ్డ ముందో పట్టీ, వెనకో పట్టీ, మొత్తం ఆరు. కాగితం ఒకవైపే అతికిస్తే బోర్డు విల్లులా వంగుతుంది. రెండోవైపు కూడా ఏదో ఒక కాగితం అంటించి, రాత్రంతా బరువు కింద ఉంచాలి. మైదా జిగురైతే మైలుతుత్తం కలపమని చెప్పాలి. లేకపోతే బొద్దింకలకి పండగే. గోపాల్‌పూర్ సముద్రం అంత దగ్గర కాబట్టి వానాకాలం గాలి తడికి అంచులు ఉబ్బుతాయి, అంచుల చుట్టూ కూడా గుడ్డ తిప్పడం మంచిది. పైన మెరిసే లామినేషన్ వద్దు, వెనక ట్యూబ్‌లైట్ ఉంటే అందులో లైటు తప్ప ఏమీ కనిపించదు.

పై అంచుకి వంతుల చీటీలు: ఏ4ని ఎనిమిది ముక్కలు చేసి మధ్యకి మడిస్తే గుర్రంలా కూర్చుంటాయి. ఆటగాళ్ల వైపు పేరు, మాస్టారి వైపు పేరుతో పాటు ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే డైస్ అందుకోవాల్సిన అంకె), పాసివ్ పర్సెప్షన్. ఫ్యాను మూడో నంబరు దాటితే ఎగిరిపోతాయి, బట్టల క్లిప్పులు పెట్టాలి. నాలుగు పలకలూ ముందు అడ్డంగా పరిస్తే చివర కూర్చున్నవాళ్లకి మాస్టారి మొహం కనిపించదు, బొమ్మలు జరపబోతే మోచెయ్యి తగిలి అంతా కూలుతుంది. అందుకే యుద్ధం మొదలవగానే రెండు పలకలు మడిచి స్క్రీన్‌ని ఎడమ పక్కకి జరిపేస్తే, కుడి చెయ్యి బల్ల మీద స్వేచ్ఛగా తిరుగుతుంది.