హియర్‌ఫర్డ్‌షైర్ రాతి తొట్లు, ఒక దిక్కుమాలిన బస

ఇంగ్లండ్ పల్లెల్లో "పాతకాలపు కలప ఇల్లు" అని ఫొటో పెట్టి గది అద్దెకిస్తామంటే, రాత్రి హీటింగ్ ఎన్నింటికి ఆపేస్తారో ముందే అడగండి. పాత చర్చిల్లో బాప్తిస్మానికి వాడే రాతి తొట్లు చూద్దామని హియర్‌ఫర్డ్‌షైర్ వెళ్ళినప్పుడు, మేం దిగిన చోట తొమ్మిదింటికే ఆపేశారు. గది రాత్రికి 118 పౌండ్లు. అమ్మకి అదనపు మంచం 20. మంచమంటే విప్పుకునే సోఫా, దాని ఇనుప కడ్డీ సరిగ్గా నడుం కింద! వణుకుతున్నాం మొర్రో అంటే చిన్న హీటర్ ఒకటి ఇచ్చి బిల్లులో 5 పౌండ్లు వేశారు. బ్రేక్‌ఫాస్ట్ అద్దెలోనే అని బుకింగ్‌లో ఉంది. తీరా పొద్దున్న కిందికి దిగితే కార్న్‌ఫ్లేక్స్, చల్లటి పాలు మాత్రమే అద్దెలో. వేడివేడిగా ఏం కావాలన్నా మనిషికి 12 పౌండ్లట. మా ఆయన ఫోన్ తీసి చూపించబోతే కౌంటర్ దగ్గరావిడ తలెత్తకుండానే "అది వెబ్‌సైట్ వాళ్ళు రాసుకున్నది" అనేసింది. "ఒంగోలు బస్టాండ్ పక్క లాడ్జిలో కూడా అడిగితే బకెట్ వేడినీళ్ళు తెచ్చిస్తారు కదే" అని అమ్మ రెండు రోజులూ సణుగుతూనే ఉంది. నాకూ కాదనబుద్ధి కాలేదు.

అమ్మ సణుగుడికి ఇంకో కారణం ఉంది. మాది ఒంగోలు బాప్టిస్టు కుటుంబం. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన కథ వింటూ పెరిగిన ఇల్లు. మా లెక్కలో బాప్తిస్మమంటే పెద్దయ్యాక, నమ్మి, నీళ్ళలో నిండా మునగాలి. "పసిపిల్లల నెత్తిన నాలుగు చుక్కలు చల్లే తొట్లు చూడ్డానికా ఇంత పెట్రోలు?" అన్నది ఆమె ప్రశ్న. అద్దె కారు రోజుకి 47 పౌండ్లు, పెట్రోలు వేరే. ఈ ఊళ్ళకి బస్సుల్ని నమ్ముకుంటే రోజంతా రోడ్డు మీదే అయిపోతుంది.

వేల్స్ సరిహద్దును ఆనుకుని ఉండే ఈ జిల్లాలో 12వ శతాబ్దం మధ్యలో కొందరు శిల్పులు పనిచేశారు. పేర్లు తెలియవు గానీ చెక్కిన తీరు చూస్తే ఒకే జట్టని తెలిసిపోతుంది. చరిత్రకారులు ఈ జట్టునే హియర్‌ఫర్డ్‌షైర్ స్కూల్ అంటారు.

మొదట ఎర్డిస్లీ. చర్చి తలుపు తోసుకుని వెళ్ళడమే, టిక్కెట్టు లేదు, కాపలా లేదు. 1150 ప్రాంతపు తొట్టి, పెద్ద పానపాత్ర ఆకారంలో ఉంది. చుట్టూ తాళ్ళలా అల్లుకున్న లతలు, వాటిలో చిక్కుకుని కొట్టుకుంటున్న ఇద్దరు యోధులు. ఒకడి చేతిలో ఈటె, ఇంకొకడి చేతిలో కత్తి. మరో పక్క పాతాళం నుంచి ఒక మనిషిని చెయ్యి పట్టి లాగుతున్న క్రీస్తు, ఆ పక్కనే ఇంత పెద్ద సింహం. ఆ యోధుల్లో ఒకడు ఈ ఊరి బాస్కర్‌విల్ వంశపు రాల్ఫ్ అనీ, తలపడింది సొంత మామగారితో అనీ చెప్పుకుంటారు. మా ఆయన ఇది చదివి వినిపించగానే అమ్మ "పాపం, అత్తగారి సంగతేమిటో" అంది. ఆ రోజు ఆమె నవ్వింది అప్పుడే.

కిల్పెక్ గురించి అందరూ రాస్తారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 1140 ప్రాంతపు చర్చి, దక్షిణపు గుమ్మం అద్భుతం, చూరు కింద 85 రాతి బొమ్మలు మిగిలాయి. వాటిలో ఒక సిగ్గుమాలిన బొమ్మ దగ్గర అమ్మని మెల్లగా పక్కకి మళ్ళించాల్సి వచ్చింది. హియర్‌ఫర్డ్ కెథీడ్రల్లో 1300 ప్రాంతపు ప్రపంచపటం చూడ్డానికి టిక్కెట్టు ఉంది, కొనొచ్చు.

అసలు విందు మాత్రం కాజిల్ ఫ్రోమ్‌లో. లెడ్‌బరీ నుంచి బ్రోమ్‌యార్డ్ వెళ్ళే దారిలో, పొలాల మధ్య చిన్న చర్చి. మేం ముగ్గురం తప్ప పిట్ట లేదు. బరువు మోయలేక వంగిపోయినట్టున్న మనుషుల మీద తొట్టి నిలబడి ఉంది, అంచు చుట్టూ జడల అల్లిక. ఒక వైపు యోహాను క్రీస్తుకి బాప్తిస్మం ఇస్తున్నాడు. నీళ్ళని గుండ్రటి అలలుగా చెక్కి, వాటిలో చేపల్ని ఈదించాడు శిల్పి. పైన పావురం, దేవుడి చెయ్యి. మిగతా వైపుల సువార్తలు రాసిన నలుగురి గుర్తులు: గద్ద, ఎద్దు, సింహం, మనిషి.

అమ్మ కళ్ళజోడు సర్దుకుని ఆ నీళ్ళ ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత మోచెయ్యి దాకా తొట్టిలో పెట్టి లోతు చూసింది. "ఇందులో బిడ్డ మునుగుతుందే!" నిజమే. ఆ రోజుల్లో పసిపిల్లల్ని ముంచేవాళ్ళు, అందుకే అప్పటి తొట్లు అంత పెద్దవి. మంత్రించిన నీళ్ళని తొట్టిలోనే ఉంచేవారు. చేతబడికి ఎత్తుకుపోతారన్న భయంతో మూతపెట్టి తాళం వెయ్యాలని 1236లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఎడ్మండ్ ఆదేశించాడు. చాలా పాత తొట్ల అంచుల మీద ఆ ఇనుప కొక్కేలు పీకేసిన గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇది చెప్తే అమ్మ "దొంగలు అక్కడా ఉన్నారన్నమాట" అంటూ హుండీలో తన సొంత డబ్బు 10 పౌండ్లు వేసింది. నేను వెయ్యమనలేదు.

టైముంటే షాబ్డన్ ఆర్చీలు కూడా చూడండి, డబ్బులేం అడగరు. అదే శిల్పుల పనే. కాకపోతే 18వ శతాబ్దంలో పాత చర్చిని కూల్చి, తోరణాల్ని అలంకారానికని ఆరుబయట నిలబెట్టారు. వానకి ముఖాలన్నీ అరిగిపోయాయి. కాజిల్ ఫ్రోమ్ చూశాక చూస్తే కడుపు మండుతుంది.

బస హియర్‌ఫర్డ్‌లోనో లెడ్‌బరీలోనో మామూలు హోటల్లో పెట్టుకోండి, పల్లెటూరి కలప ఇళ్ళ జోలికి పోవద్దు. టార్చి తీసుకెళ్ళండి, పక్క నుంచి వెలుతురు పడితేనే చెక్కడం తేలుతుంది. ఆదివారం పొద్దున ఆరాధన ఉండొచ్చు, ఆ వేళకి వెళ్ళకండి. ఇలాంటి చిన్న చర్చీల్లో చాలావాటికి టాయిలెట్ ఉండదు. పెద్దవాళ్ళతో వెళ్తుంటే టౌన్లోనే ఆ పని కానిచ్చుకుని బయల్దేరండి.