ఎల్-39 జెట్‌లో నాలుగో వంతు: చాన్నాళ్లు వాడాక

మా హాలియా వాళ్లకు విమానం కొత్తేం కాదు. నాగార్జునసాగర్ రన్‌వే మీద శిక్షణ విమానాలు లేవడం, దిగడం చూసినవాళ్లే. కానీ టెక్సాస్‌లో ఉన్నన్నాళ్లూ ఒక పాత మిలిటరీ జెట్‌లో నాలుగో వంతు నాదని చెబితే మాత్రం ఎవరూ ఒక పట్టాన నమ్మరు. నమ్మినవాళ్లు ముందు అడిగేది రేటు, తర్వాత మైలేజ్. ఊరికి వచ్చేసే ముందు వాటా అమ్మేశాను కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను.

విమానం పేరు ఎల్-39 ఆల్బట్రోస్. అప్పటి చెకోస్లొవేకియాలో తయారైంది. 1968లో మొదటిసారి ఎగిరింది, మొత్తం 2,900 దాకా తయారయ్యాయి. సోవియట్ పైలట్లు ఎందరో దీని మీదే జెట్ నేర్చుకున్నారు. 1991లో సోవియట్ యూనియన్ కూలాక అక్కడి సైన్యాలు వదిలించుకున్న వాటిలో చాలా అమెరికా చేరాయి. మన వైమానిక దళం దీన్ని వాడలేదు. హకీంపేటలో 2004 దాకా తిరిగినవి పోలండ్ వాళ్ల ఇస్క్రా శిక్షణ జెట్లు. అల్వాల్‌లో మేనత్త వాళ్ల డాబా ఎక్కి వాటిని చూసిన పిచ్చే నాతో ఇంత ఖర్చు పెట్టించింది.

కొనే ధర అసలు సమస్య కాదు. ఎగిరే స్థితిలో ఉన్నది రెండు నుంచి నాలుగు లక్షల డాలర్లకు దొరుకుతుంది, నలుగురు పంచుకుంటే భరించొచ్చు. ఆ తర్వాతే కథ మొదలవుతుంది. ఇంధనం గంటకు సుమారు 150 గాలన్లు, అంటే 570 లీటర్ల దాకా. డబ్బుల్లో 800 డాలర్ల పైమాటే. ఇది మా మామకు చెబితే, "గంటకా? నాట్ల సీజనంతా నా ట్రాక్టరు గూడ అంత తాగదు గదరా అల్లుడా!" అన్నాడు. ట్యాంకులన్నీ నింపినా 1,255 లీటర్లే. రిజర్వ్ పక్కన పెడితే గంట, గంటంపావు కన్నా ఎక్కువ తిరిగే ధైర్యం చేయం.

పైకి పోతే తక్కువ తాగుతుంది, నిజమే. కానీ 29,000 అడుగులు దాటాలంటే ఎత్తును కచ్చితంగా కొలిచే ప్రత్యేక పరికరాలు, వాటికి అనుమతి ఉండాలి. ఇలాంటి పాత శిక్షణ విమానాల్లో సాధారణంగా అవి ఉండవు. పోనీ కింద వేగంగా పోదామంటే, 10,000 అడుగుల లోపు 250 నాట్లు, అంటే గంటకు 460 కిలోమీటర్లు దాటొద్దని అక్కడి రూల్. 750 కిలోమీటర్ల స్పీడున్న విమానం కొని ఆ స్పీడ్‌ను ఎక్కువగా కాగితం మీదే చూసుకున్నాం.

ఎగరకుండా పెడితే ఖర్చు తగ్గుతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. నిజానికి నిలబెడితేనే జేబుకు చిల్లు. రబ్బరు సీళ్లు ఎండిపోతాయి. బాడీలో ఉండే ట్యాంకులు కూడా రబ్బరు సంచులే. ఒకసారి మాదాంట్లో ఒకటి కారింది. హ్యాంగర్ తలుపు తీయగానే కిరోసిన్ వాసన, పొట్ట కింద సిమెంటు నేల మీద అరచేతంత మరక. దాన్ని బాగు చేయడానికి వర్క్‌షాపు వాళ్లు కొన్ని వారాలన్నారు, వేసవి మొత్తం లాగారు. అప్పుడు కూడా హ్యాంగర్ అద్దె, ఇన్సూరెన్స్ మాత్రం ఆగలేదు.

సీట్ల సంగతి వేరే. పైలట్‌ను బయటికి విసిరేసే రాకెట్ సీట్లివి. నేల మీద ఉన్నా సరే, వేగం 150 కిలోమీటర్లు దాటితే పనిచేస్తాయి. వాటి మందుగుండుకు గడువుంటుంది. కొత్తది దొరకడం కష్టం, మార్చేవాళ్లు ఇంకా తక్కువ. అందుకే చాలామంది ఓనర్లు వాటిని పనిచేయకుండా చేయించేస్తారు. మాలో ముగ్గురు అలాగే అన్నారు, నేను వద్దన్నాను. మెజారిటీ మాటే చెల్లింది. ఒక్క ఇంజినే ఉన్న విమానంలో ఆ నిర్ణయం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

నడపడం మాత్రం హాయి. ముందు 'టర్బో' బటన్ నొక్కితే వెనకాల సఫీర్ అనే చిన్న టర్బైన్ కీచుమంటూ లేస్తుంది. అది ఇచ్చే గాలితో పెద్ద ఇంజిన్ తిరుగుతుంది. ఆ మోత చెవిలో పడిందంటే ఆఫీసు టెన్షన్ గుర్తుండదు. ఒక్కటే జాగ్రత్త: థ్రాటిల్ మొత్తం తోసినా ఐడిల్ నుంచి పూర్తి పవర్ రావడానికి పది సెకన్ల దాకా పడుతుంది. దిగేటప్పుడు పవర్ మరీ తగ్గించేస్తే ఆ పది సెకన్లు చాలా పొడుగు. ముందున్న డయల్స్‌లో వేగం కిలోమీటర్లలో, ఎత్తు మీటర్లలో ఉండేది. మిగతా ముగ్గురు అమెరికన్లు తిప్పలు పడేవాళ్లు, నాకైతే సొంతింట్లో ఉన్నట్టే ఉండేది. నేల మీద మాత్రం నరకం. పైన అద్దాల మూత (క్యానపీ) మూసి రన్‌వే దాకా నడిపిస్తుంటే నల్లగొండ ఎండలో పెరిగిన నేనే చెమటతో ముద్దయ్యేవాణ్ణి.

ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైన బాపు అమెరికా వచ్చినప్పుడు హ్యాంగర్‌లో ముందు సీట్లో కూచోబెట్టాను. కంట్రోల్ కర్రకున్న లివర్ నొక్కి చూసి, "బ్రేకు కాలికియ్యక చేతికిచ్చిండ్రేందిరా?" అన్నాడు. ముందు చక్రానికి స్టీరింగ్ లేదని, ఆ లివర్ పట్టి కాలి పెడళ్లతో ఎటు పక్క బ్రేకు ఎక్కువ పడాలో చూసుకుంటూ తిప్పాలని చెప్పాను. కిందికి దిగి టైర్లు కూడా తట్టి చూశాడు. అమ్మ మాత్రం నిచ్చెన దగ్గరికే రాలేదు. "సీటు కింద మందు పెడ్తరంట, నేనెక్క బిడ్డా" అంది. తీసేశామన్నా వినలేదు.

దీని మీద సంపాదించాలనుకుంటే కుదరదు. ఇలాంటి విమానానికి లైసెన్సే ప్రదర్శనల కోసం ఇస్తారు, డబ్బు తీసుకుని ఎవర్నీ ఎక్కించుకోకూడదు. ఏ ఎయిర్ షోలకు పోతున్నామో ఏటా రాసివ్వాలి. మామూలు పైలట్ లైసెన్స్ ఒక్కటే సరిపోదు, ఈ రకం విమానానికి విడిగా అనుమతి కావాలి. ఏటా శిక్షణ తీసుకోకపోతే ఇన్సూరెన్స్ వాళ్లు మొహం చూడరు. ఒంటరిగా కొంటే మాత్రం డబ్బుతో పాటు ఓపిక కూడా అయిపోతుంది. నలుగురైతే మంచిది, అందులో ఒకరికి రెంచి పట్టడం వస్తే ఇంకా మంచిది. శనివారాలు నట్లు విప్పుతూ, బిగిస్తూ, తిట్టుకుంటూ గడిపినవే నాకు ఎగిరిన గంటల కన్నా ఎక్కువ.

ఇటు నుంచి పోయిన పిల్లలెవరైనా కొనాలనుకుంటే రంగు, మెరుపు చూసి పడిపోవద్దు. లాగ్‌బుక్కులు అడగండి. ఇంజిన్ ఓవర్‌హాల్ ఎప్పుడైంది, ఇంకెన్ని గంటలు మిగిలాయి, రబ్బరు ట్యాంకులు ఎప్పుడు మార్చారు అన్నది చూడండి. నా వాటా కొన్నతను విమానం దగ్గరికి వెళ్లకముందే సగం రోజు ఆ పుస్తకాలు తిరగేశాడు. ఆ తర్వాత పెద్దగా బేరం కూడా ఆడలేదు.