ఫుషిమి ఇనారి: కొండ కిందే ఒక రాత్రి ఉండండి

జపాన్‌లోని క్యోటో వెళ్లొచ్చిన వాళ్లని అడిగితే ఫుషిమి ఇనారి గుడి చూశామనే చెబుతారు. చాలామంది చూసేది మాత్రం కొండ అడుగున ఉన్న ఎర్రటి ద్వారాల వరస ఒక్కటే. మొదటి రోజు మేమూ అంతే చూసి వెనక్కి వచ్చేశాం. మళ్లీ వెళ్లకపోయి ఉంటే అసలు కొండ ఏమిటో తెలియకుండానే ఇంటికి చేరేవాళ్లం.

నవంబరు మొదటి వారంలో అమ్మ, నేను వెళ్లాం. ఒసాకాలో ఉద్యోగం చేసే తమ్ముడు క్యోటోలో మాతో కలిశాడు. మొదటి రెండు రాత్రులు క్యోటో స్టేషన్ పక్కనే హోటల్లో దిగాం. అమ్మకి 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. లిఫ్టు, మంచం, గదిలోనే బాత్రూమ్ ఉండటంతో ఆవిడకి సుఖంగానే ఉంది. భోజనం దగ్గరే ఇబ్బంది పడ్డాం. శాకాహారం కావాలని ముందే మెయిల్ పెడితే సరేనన్నారు. తీరా టిఫిన్‌కి కూర్చుంటే సూపులోనూ కూరలోనూ చేప ఉంది. అమ్మ రెండు పూటలూ ఉత్త అన్నం, పండ్లు తిని లేచింది. జపాన్‌లో చేపతో కాచే దాశీ అనే రసం చాలా వంటల్లో పడుతుంది. మాంసం లేదు అన్నారంటే చేప కూడా లేదని అనుకోకండి. దాశీ సంగతి విడిగా అడగాలి.

క్యోటో స్టేషన్ నుంచి జేఆర్ అనే రైల్వే సంస్థ నారా లైన్‌లో ఇనారి రెండో స్టేషన్, ఐదు నిమిషాల ప్రయాణం. లోకల్ రైలే ఎక్కాలి. మేం తెలియక ర్యాపిడ్ ఎక్కాం. అది ఇనారిలో ఆగకుండా వెళ్లిపోయింది, అది తర్వాత ఆగిన స్టేషన్‌లో దిగి వెనక్కి రావాల్సి వచ్చింది. ఇనారి స్టేషన్ గేటు దాటి రోడ్డు మీదకి వస్తే ఎదురుగానే గుడి.

మధ్యాహ్నం పన్నెండింటికి అక్కడ కాలు పెట్టే చోటు లేదు. గుడి పుట్టింది 711లో. జపాన్ అంతటా ఉన్న సుమారు 30,000 ఇనారి గుళ్లకి ఇదే మూలస్థానం. ఇనారి వరి పంటకి దేవత, తర్వాత్తర్వాత వ్యాపారానికి కూడా. ముందున్న పెద్ద గోపుర ద్వారం 1589లో అప్పటి జపాన్ పాలకుడు టొయొటొమి హిదెయొషి ఇచ్చింది. తల్లి జబ్బు నయమైతే కానుక ఇస్తానని ఆయన మొక్కుకున్నాడట. ఆ మాట వినగానే అమ్మ ద్వారం ముందు ఆగి దణ్ణం పెట్టింది. లోపల రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి. తోసుకొచ్చే జనంలో మాకు అదీ సరిగ్గా కుదరలేదు. సెంబొన్ తోరీ అనే, గుహలాంటి ఎర్ర ద్వారాల వరసలో మనుషుల వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. అమ్మ అలసిపోయింది, దిగిపోయాం.

మూడో రాత్రికి తమ్ముడు కొండకి పది నిమిషాల నడకలో చిన్న గెస్ట్‌హౌస్ చూశాడు. పాత చెక్క ఇల్లు, నిటారుగా మెట్లు, తతామి చాప మీద పరుపు, బాత్రూమ్ అందరికీ కలిపి. నేల మీంచి లేవడం అమ్మకి కష్టమని చెప్పగానే ఇంటావిడ ఒక కుర్చీ, ఇంకో రెండు పరుపులు తెచ్చి పెట్టింది. సౌకర్యం చూస్తే స్టేషన్ హోటలే మేలు. అయినా నన్నడిగితే ఈ ఒక్క రాత్రి ఇక్కడే గడపమంటాను. గుడికి టికెట్ లేదు, కొండదారి 24 గంటలూ తెరిచే ఉంటుంది. తెల్లవారకముందే నడిచి వెళ్లగలిగితే ఆ కొండ మీకు దక్కినట్టే.

ఐదున్నరకి బయల్దేరాం. దారి పొడవునా దీపాలున్నాయి. మొదటి రోజు వీపులు తప్ప కనబడని చోట మా అడుగుల చప్పుడు ఒక్కటే. సెంబొన్ తోరీ దాటితే ఓకుషా అనే చిన్న గుడి వస్తుంది. అక్కడ నక్క ముఖం ఆకారంలో చెక్క పలకల మీద కోరికలు రాసి కడతారు. ఇక్కడ నక్క దేవుడు కాదు, దేవుడి దూత. విగ్రహాలను దగ్గరగా చూడండి, ఒకదాని నోట్లో ధాన్యపు కొట్టు తాళంచెవి, ఇంకోదాని నోట్లో వరికంకి ఉంటాయి. బౌద్ధంలో ఇనారిని తెల్లనక్క మీద కూర్చున్న దకినితెన్ అనే దేవతగా కొలుస్తారు. ఆ పేరు మన డాకిని నుంచి వెళ్లిందే.

చాలామంది ఇక్కడే వెనక్కి తిరుగుతారు. దయచేసి తిరగకండి. కొండ ఎత్తు 233 మీటర్లే, మొత్తం చుట్టు సుమారు 4 కిలోమీటర్లు. మెట్లు చిన్నవి, మధ్యలో చదును దారి కూడా ఉంది. అలిపిరి ఎక్కిన కాళ్లకి ఇది పెద్ద లెక్క కాదు. అమ్మ ఆగి ఆగి గంటంబావులో యొత్సుత్సుజి అనే కూడలికి చేరింది. క్యోటో ఊరు కింద కనిపిస్తుంది. బెంచీలు, టాయిలెట్ ఉన్నాయి. టీ కొట్లు ఇంకా తెరవలేదు. ముందు రాత్రి కొన్న ఊరగాయ ప్లం పండు పెట్టిన అన్నం ముద్దలు తిన్నాం. వెండింగ్ మెషీన్లలో పైకి వెళ్లేకొద్దీ ధర పెరుగుతుంది, నీళ్లు కిందే కొనుక్కోండి. చెత్తబుట్టలు దాదాపు ఉండవు, ఒక సంచి దగ్గర పెట్టుకోవాలి.

నాకు బాగా గుర్తుండిపోయింది ఈ కూడలి తర్వాత దారి. అడవి లోపల నాచు పట్టిన రాళ్లు వేలకొద్దీ, గుంపులు గుంపులుగా నిలబెట్టి ఉన్నాయి. వాటిని ఓత్సుకా అంటారు. భక్తులు తాము కొలిచే దేవుడికి ఒక పేరు పెట్టుకుని, రాతి మీద చెక్కించి నిలుపుకున్నవి. వాటి ముందు అరచెయ్యంత ఎర్ర ద్వారాలు, కొవ్వొత్తులు. ఒక పెద్దాయన చేతిసంచితో వచ్చి, ఒక రాయి ముందు పాత నీళ్లు పారబోసి కొత్తవి పోశాడు. వేయించిన తోఫు ముక్క ఒకటి పెట్టి, చాలాసేపు గొంతెత్తి మంత్రం చదివాడు. మాకు తల వంచి పలకరించి పక్క రాయి దగ్గరకి వెళ్లాడు. మేం ఫోన్లు లోపల పెట్టేశాం. ఇచినొమినె అనే శిఖరం మీద చూడటానికి ఊరూ కనబడదు, ఏమీ లేదు. మెట్ల పైన ఒక గుడి, అంతే. దృశ్యం కోసం వస్తే నిరాశపడతారు.

దిగేటప్పుడే ద్వారాల వెనకవైపు అక్షరాలు కనిపించాయి. ఎక్కేవాళ్లకి నునుపైన ఎరుపే, దిగేవాళ్లకి ఆ ద్వారం కానుకగా ఇచ్చినవాళ్ల పేరు, తేదీ. కొండ మొత్తం మీద ఇవి సుమారు 10,000 ఉన్నాయంటారు. చిన్న ద్వారం ఇవ్వాలన్నా లక్షల యెన్‌లవుతుంది. చెక్క కాబట్టి వానకి మొదలు కుళ్లిపోతుంది. ఒకచోట పాత స్తంభం తీసేసిన గుంట పక్కనే, ఆ సంవత్సరమే నిలబెట్టిన కొత్తది మెరుస్తోంది. తమ్ముడు ఆగి చదివాడు, ఏదో ఊళ్లో దంతవైద్యుడట. తర్వాతది ఒక కాగితాల కంపెనీ. "ఇదెవరిదిరా?" అని అమ్మ ఇంకోటి చూపించింది, ఆ తర్వాత ఇంకోటి. దిగడానికి కూడా ఎక్కినంతసేపు పట్టింది.