యానాం పూర్వీకుల జాడ: ఊళ్లో పుస్తకమా, ఫ్రాన్స్‌లో పుస్తకమా, ఏది మేలు?

"ముత్తాత ఫ్రెంచివాళ్ల హయాంలో యానాంలో పుట్టారట, ఆ కాగితం మునిసిపాలిటీలో అడగాలా, ఫ్రాన్స్ ఆర్కైవ్స్‌లో వెతకాలా?" తరచూ వచ్చే ప్రశ్న ఇది. నిజానికి రెండుచోట్లా ఉండాల్సింది ఒకే పుస్తకం. ఫ్రెంచి వలస రాజ్యాల్లో రాసే జనన, వివాహ, మరణాల రిజిస్టర్లకు అదనంగా ఒక ప్రతి రాసి ఫ్రాన్స్‌కు పంపాలని 1776లో రాజశాసనం వచ్చింది. ఆ ప్రతులు ఇప్పుడు దక్షిణ ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ ఊళ్లో, పాత వలస రాజ్యాల కాగితాలు దాచే జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. దాన్నే అందరూ 'అనోమ్' అంటారు. పాతవాటిని స్కాన్ చేసి నెట్‌లో ఉచితంగా పెట్టారు.

నా మొగ్గు అనోమ్ వైపే. దూరాభారం తప్పుతుందని కాదు, పేర్ల గొడవ వల్ల. ఆఫీసులో అయితే మీరిచ్చిన పేరు, తేదీ పట్టుకుని వేరొకరు వెతుకుతారు. అక్షరం తేడా వస్తే "లేదు" అనేస్తారు. తేడా రాక మానదు. ఫ్రెంచి పద్ధతిలో 'ఉ'కి ఓ-యు, 'జ'కి డి-జె, 'చ'కి టి-సి-హెచ్. మన 'రాజు' అక్కడ ఆర్-ఎ-డి-జె-ఓ-యు. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట అసలుండదు. అనోమ్‌లో ఏడాది పుస్తకమంతా మీరే పేజీ పేజీ తిప్పుకోవచ్చు.

అక్కడ వెతకడం పేరుతో కాదు, ఊరితో, సంవత్సరంతో. ఇండియా ఎంచుకుని యానాంని వై-ఎ-ఎన్-ఎ-ఓ-ఎన్ అని కొట్టండి. మన స్పెల్లింగుకి ఏమీ రాదు. పుట్టిన ఏడాది ఉజ్జాయింపుగానే తెలిస్తే అటు ఐదేళ్లు, ఇటు ఐదేళ్లు చూడాలి. పుస్తకం చివర అక్షరక్రమంలో పట్టిక ఉంటే ముందు అది తెరవండి. ఇంటిపేరు కింద లేకపోతే సొంత పేరు కింద చూడండి. తేదీలు అంకెల్లో కాక మాటల్లో ఉంటాయి: 'మిల్ ఉయిట్ సాన్' అంటే 1800, మిగతాది దాని వెనక. పై వరుసలో ఉన్నది నమోదు చేయించిన తేదీ. పుట్టిన తేదీ ఇంకాస్త కింద ఉంటుంది. చాలామంది పైదే రాసుకుని పొరబడతారు. తండ్రి వయసు కూడా రాస్తారు కాబట్టి నమోదైన ఏడాదిలోంచి దాన్ని తీసేస్తే ఆయన పుట్టిన ఏడాది వస్తుంది, ఇక ఆ పుస్తకానికి వెళ్లడమే. వయసు 30, 40 అని సరిగ్గా పదుల్లో ఉంటే మాత్రం నమ్మకండి.

ఊళ్లో ఉండిపోయిన ప్రతికి ఒక బలం ఉంది: మార్జిన్లు. తర్వాత జరిగిన పెళ్లి, పేరు సవరణ వంటివి పక్కన రాసేది స్థానిక ప్రతిలోనే. ఫ్రాన్స్‌కు ఓడెక్కిన ప్రతిలో ఆ మార్జిన్ ఖాళీ. అందుకే అనోమ్‌లో సరైన తేదీ పట్టుకున్నాక, ఆ తేదీతోనే ఆఫీసుకి వెళ్లండి. అప్పుడు "లేదు" అనడం కష్టం.

నూరేళ్ల లోపు రికార్డులకు అనోమ్ కాదు, నాంత్‌లోని కేంద్ర పౌర నమోదు కార్యాలయం. యానాం చట్టప్రకారం ఇండియాలో కలిసిన 1962 ఆగస్టు 16 తర్వాత ఆరు నెలల గడువులో ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకున్న కుటుంబాలవాళ్లు అటే వెళ్లాలి. చర్చి పుస్తకాలు క్రైస్తవ కుటుంబాలకే పనికొస్తాయి. వంశవృక్షాల సైట్లలో తెలుగు పేర్ల సూచిక మీద ఆశ పెట్టుకోకండి. కూలీలుగా ఫ్రెంచి దీవి రీయూనియన్ వెళ్లినవారికి అక్కడి సెయింట్ డెనిస్ ఆర్కైవ్స్ వేరే ఉంది.

ఇంకోటి. బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం వచ్చాక బ్రిటిష్ వైపు నుంచి బాల్యవివాహాలకు యానాం వచ్చేవాళ్లు. యానాంకి కల్యాణపురం అన్న పేరు అందుకే. పెళ్లి యానాంలో జరిగిందని ఇంట్లో చెప్పుకున్నంత మాత్రాన మీ వాళ్లు ఫ్రెంచి ప్రజలని కాదు. వెతకడం మొదలుపెట్టే ముందు అది తేల్చుకోండి.